ఆకు లేదనని ఊరు

మా ఊళ్లో ఎవరూ "ఆకు లేదు" అనరు. పట్టుపురుగులున్న ఇంటి మనిషి వాకిట్లోకి వచ్చి ఆకు అడిగితే, లేదని మొహాన చెప్పడం పాపం. అలా చెప్పిన ఇంట్లో పురుగులు మేత మానేస్తాయని నమ్మకం. అలాగని అడిగినవాళ్లకల్లా కోసి ఇచ్చేంత ధర్మాత్ములమూ కాదు. అందుకని ఒక మాట కుదుర్చుకున్నాం. "తోటకు మందు కొట్టినాం" అంటాం. పురుగుమందు కొట్టిన ఆకు పదిహేను రోజుల వరకూ పట్టుపురుగుకు విషం. అడిగినామె "అట్లనా అక్కా" అని తిరిగి వెళ్లిపోతుంది. నిజంగా కొట్టారా లేదా అని తోటలోకి పోయి చూడదు. అలా చూడటం మర్యాద తప్పడం కింద లెక్క. ఇరవై ఏళ్లుగా మా ఊరు గౌరవంగా అబద్ధమాడుతూ, గౌరవంగా నమ్ముతూ బతికింది.

పెనుకొండ నుంచి హిందూపురం వెళ్లే రోడ్డు మీద బస్సు దిగి రెండు మైళ్లు లోపలికి నడిస్తే మా ఊరు వస్తుంది. నలభై ఇళ్లు, నలభై పురుగుల షెడ్లు. బస్సు దిగిన దగ్గర్నుంచి ఊరి దాకా రెండు పక్కలా మల్బరీ తప్ప ఇంకో పంట కనిపించదు. కొత్తగా వచ్చినవాళ్లు "ఎంత పచ్చగా ఉందో" అంటారు. అనరా మరి. అంత పచ్చదనంలో మనిషి నోట్లోకి పోయే గింజ ఒక్కటి లేదని వాళ్లకేం తెలుసు. రాగులు పండించిన ఊరు ఇప్పుడు రాగిపిండి ప్యాకెట్ కోసం హిందూపురం బస్సెక్కుతోంది.

మా అత్త అంజినమ్మకు డెబ్బై ఐదు దాటాయి. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఇదే ఎర్రనేలలో రాగి, సజ్జ, కొర్ర వేసేవాళ్లట. మధ్య సాళ్లలో కంది, చుట్టూ ఆముదం, వాన చివర్లో ఉలవ. తరువాత వేరుశనగకు ధర వచ్చింది. ఊరంతా వేరుశనగ వేసింది. వానలు మొహం చాటేసిన ఏళ్లలో ఊరంతా ఒకేసారి మునిగింది. బోర్లు వచ్చాక మల్బరీ వేశాం. ఊరంతా మల్బరీ. మాకు బుద్ధి రాలేదు, పంట మారిందంతే. "ముందర కరువొస్తే ఒక పంట పోయేది. సజ్జ పోతే కొర్ర, కొర్ర పోతే ఉలవ. ఉలవ గుగ్గిళ్లు తిని ఒక ఏడాది గడిపినాం. మీకు పోతే అంతా ఒకేసారి పోతాది" అని అత్త అంటూనే ఉండేది. ముసలామె నోరు అని మేము వినేవాళ్లం కాదు.

ఆ ముసలామె చెరువు కట్ట పక్క పది సెంట్ల ముక్కలో పట్టుబట్టి రాగి, ఉలవ వేసుకునేది. రెండేళ్ల కింద ఆమె కూతురి ఊరికి పోయినప్పుడు నేను ఆ ముక్క దున్నించి ఆరు సాళ్లు మల్బరీ పెట్టించాను. తిరిగొచ్చి చూసి ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఎనిమిది రోజులూ నాకు ప్రాణం హాయిగా ఉంది. ఆ ఆరు సాళ్ల సంగతే ఇప్పుడు చెబుతున్నాను.

ఊళ్లో ఉన్న ప్రతి మల్బరీ మొక్కకూ మా తోటే పుట్టిల్లు. నా భర్త గంగాధరప్ప అందరికంటే ముందు ఆ రకం తెచ్చి నాటాడు. దాని కొమ్మలే నరికి అందరూ తీసుకెళ్లి నాటుకున్నారు. నలభై తోటలు, ఒకే రకం. పురుగులు కూడా అంతే. గుడ్లు పొదిగించి చిన్న పురుగుల్ని పెంచి ఇచ్చే సెంటర్ నుంచి ఆటో ఒకేరోజు వస్తుంది, అందరి ఇళ్లలో ఒకేరోజు దించి పోతుంది. పట్టుపురుగు నాలుగుసార్లు మేత మాని, తలెత్తి, కదలకుండా ఉండి పాత తోలు విడుస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచాక ఏడు రోజులు అది తినే తిండి ఇంతా అంతా కాదు. రోజుకు మూడుసార్లు కొమ్మలు కోసుకొచ్చి స్టాండ్ల మీద పరుస్తూనే ఉండాలి. ఆ ఏడు రోజులు ఆకు అందితే గూడు కడుతుంది. అందకపోతే గుంతలో పారేయడమే. ఊరంతటికీ ఆ ఏడు రోజులు ఒకే ఏడు రోజులు.

ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి. చెరువు నిండి మరువ పారింది. బోర్లు పొంగాయి. అలాంటి ఏడాదే మాకు కరువొచ్చింది. కార్తీకం చలి మొదలవగానే ఆకుచుట్టు దిగింది. అది చిన్న పచ్చపురుగు. మల్బరీ చివర ఆకుల్ని దారంతో చుట్టుకుని లోపల కూర్చుని తింటుంది. ఒక తోటలో మొదలై వారంలో నలభై తోటలూ పట్టింది. దానికి వేరే పని ఏముంది? ఏ గట్టు దాటినా అదే ఆకు, అదే రుచి. మందు కొడితే ఆకుచుట్టు చస్తుంది, కానీ పదిహేను రోజులు పట్టుపురుగుకు ఆకు ఉండదు. షెడ్లో పురుగులు పెట్టుకుని ఎవరు కొడతారు? కొట్టకుండా, అది తినగా మిగిలింది మేము కోసుకుంటూ వచ్చాం.

నాకు ఆ పంట దక్కితీరాలి. ఎండల్లో ఒక పంట వేడికి పోయింది. వానల్లో ఒక పంట రోగానికి పోయింది. ఇది మూడోది. ఇదీ పోతే పొయ్యిలో పిల్లి లేవదు. గంగాధరప్ప బెంగళూరులో ఏదో అపార్ట్‌మెంటు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవాలి, నేను అదే అపార్ట్‌మెంట్లో అంట్లు తోమాలి. నా ఇంటి పని నేను ఎవరో చెబితే చేసిందాన్ని కాదు. ఇంకొకరి ఇంట్లో "సావిత్రీ, ఈ గిన్నె సరిగ్గా తోమలేదు" అనిపించుకోవడం నా వల్ల కాదు. అందుకే జ్వరం లేచిన పొద్దున్నే తోటంతా తిరిగి చూసుకున్నాను. ఏడు రోజులకూ సరిపోతుంది. కట్ట పక్క ఆరు సాళ్లు మిగులుతాయి కూడా. ఎందుకైనా మంచిదని వాటిని ఆఖరి రోజుకు పెట్టుకున్నాను.

రెండో రోజు సాయంత్రం ఓబులమ్మ వచ్చింది. ఆమె నాకు తోడికోడలు, మరిది జయరామయ్య భార్య. పాళ్లు పంచుకున్నాక వాళ్లకు ఒక ఎకరా వచ్చింది, అత్త పాలు కూడా కలిపి మాకు రెండు. మధ్యలో ఒక గట్టు. జయరామయ్య ఎర్రమంచి దగ్గర మేస్త్రీ కింద పనికి పోతాడు, తోటా పురుగులూ ఓబులమ్మే చూసుకుంటుంది. మా షెడ్డు గడప ముందు సున్నం గీత ఉంటుంది. పురుగులకు రోగం అంటకుండా బయటి మనిషి ఆ గీత దాటకూడదు. గీత అవతల చెప్పులు విడిచి నిలబడింది.

"అక్కా, నాలుగు మోపులు ఆకు ఇయ్యక్కా. మా తోటలో సగానికి సగం చుట్టుకోని పోయింది. రెండు దినాలు గడిస్తే చాలు, ఆయన రొద్దం పక్క యాడన్నా సూసి తెస్తానన్న్యాడు. తేగానే మళ్ల నీకిచ్చేస్తా."

నాలుగు మోపులంటే ఆ ఆరు సాళ్లలో రెండు సాళ్లు. ఇవ్వగలిగేదాన్నే. నోరు మాత్రం వేరే మాట అనేసింది.

"అయ్యో ఓబులమ్మా, కట్ట పక్క ఆరు సాళ్లకు నిన్ననే మందు కొట్టినామే. మిగిలింది మాకే చాలీ చాలకుండా ఉండాది."

"ఆ ఆరు సాళ్లకే కొట్టినారా?"

"ఆకుచుట్టు ఆడ్నే ఎక్కువుండె."

"అట్లనా అక్కా."

ఆమె వెంటనే కదల్లేదు. లోపల నా పురుగులు తింటున్న చప్పుడు రేకుల మీద చినుకులు పడ్డట్టు వినిపిస్తోంది. ఆ చప్పుడు వింటూ కొంచెంసేపు నిలబడి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. షెడ్డు పక్కన కూర్చుని చాట చెరుగుతున్న మా అత్త తలెత్తింది.

"ఎప్పుడు కొట్టినారే మందు? పంపు మూలన బూజు పట్టి ఉండాది."

"నువ్వు గమ్మునుండత్తా. నీ కోడళ్లు ఇద్దరూ గుంతలో పడాల్నా?"

"ఒకతి పడతాంటే ఇంకొకతి సూస్తా ఉంటే సాలు గదా" అంది. ముసలామెకు మాటలకేం, కోటలు దాటుతాయి. నేను లోపలికి పోయి కొమ్మలు పరిచాను.

ఓబులమ్మ ఆ సాయంత్రమూ మర్నాడూ పదకొండు ఇళ్లు తిరిగిందని తరువాత తెలిసింది. పదకొండు ఇళ్లలోనూ మందు కొట్టినామనే చెప్పారు. అందరూ నిజంగా కొట్టి ఉంటే మా ఊళ్లో ఆకుచుట్టు పేరు చెప్పుకోవడానికి కూడా మిగిలేది కాదు. జయరామయ్య రొద్దం నుంచి వట్టి చేతులతో వచ్చాడు. అక్కడా అదే రకం, అక్కడా అదే పురుగు.

ఆకలిగొన్న పట్టుపురుగుల్ని మీరు చూసి ఉండరు. అది గొడ్డులాగా అరవదు. స్టాండు అంచుకు పాక్కుంటూ వస్తుంది, సగం ఒళ్లు పైకి లేపుతుంది, తల అటూ ఇటూ ఊపుతుంది. వేలకు వేలు పురుగులు అలా తలలెత్తి మనవైపు చూస్తున్నట్టు ఉంటాయి. ఇంకో ఆకు ఏది వేసినా ముట్టదు. పక్కన కంది ఆకు వేసినా, ఆముదం ఆకు వేసినా దాని మీదుగా నడిచిపోతుంది గానీ తినదు. దాని పుట్టుకే అంత. మనుషులం మేము అన్నీ తినగలిగి ఉండి కూడా దాని దారికే వచ్చాం.

నాలుగో రోజు మధ్యాహ్నం ఓబులమ్మ పురుగుల్ని బియ్యం సంచుల్లో నింపుకుని గట్టు చివర గుంత దగ్గరికి మోసింది. నేను ఇంటి గోడ మీది నుంచి చూశాను. తొమ్మిది సంచులు. ఇంకా కదులుతున్నాయి. సంచి గుడ్డ లోపల్నుంచి మెల్లగా ఉబ్బుతూ ఉంది. జయరామయ్య గుంత పెద్దదే తీశాడు, సగం కూడా నిండలేదు. పైన సున్నం చల్లి, నాలుగు పారల మట్టి లాగి ఇంటికి పోయారు. నేను సాయానికి పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోతాను? అదీ కాక మూడో మేతకు వేళవుతోంది. మా షెడ్డుకు ఎగువనున్న తోటలోకి కొడవలి తీసుకుని వెళ్లాను, చీకటిపడే దాకా అక్కడే ఉన్నాను.

ఐదో రోజు కట్ట పక్కకు పోయి చూస్తే నా ఆరు సాళ్లు లేవు. కొమ్మలున్నాయి, ఆకులు లేవు. ఈనెలు, చుట్టలు, నల్లటి పెంటికలు. మూడు రోజుల్లో ఆకుచుట్టు మొత్తం నాకేసింది. మిగతా తోటలోనూ నేను లెక్కపెట్టుకున్న ఆకులో సగం అదే తినేసింది. ఓబులమ్మకు ఇచ్చి ఉంటే ఆమె పురుగులు తినేవి, రొద్దం నుంచి కాకపోయినా ఇంకెక్కడి నుంచైనా జయరామయ్య తెచ్చి నాకు తిరిగి ఇచ్చేవాడేమో. ఇవ్వకుండా దాచి పచ్చపురుగుకు మేపాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అది ఎంతసేపు? ఇంటికి వచ్చేసరికి ఆకు ఎక్కడ దొరుకుతుందా అనే ఒక్క ఆలోచనే మిగిలింది.

గంగాధరప్ప ఫోన్ పట్టుకుని మడకశిర, హిందూపురం పక్క తెలిసినవాళ్లందరినీ అడిగాడు. ఎవరిని అడిగినా ఒకటే పాట. చివరికి ఆరో రోజు పొద్దున ఒక ఆటో మాట్లాడుకుని బయలుదేరాడు.

"కొత్తచెరువు పోతా. ఆడ లేకుంటే ఇంకా ముందర తలుపుల ఊరి దాకా పోతా. రేపు మధ్యాహ్నానికంతా వస్తా. ఉండేది కొంచెం కొంచెం ఎయ్యి."

"తలుపులలో మాత్రం చెట్లకు కాస్తాండాదా? ఆడా ఇదే పురుగుంటాది."

"సూద్దాంలే. ఒగటిరెండు మేతలు, అంతే గదా. రేపటి సాయంత్రానికి పండుతాయి."

పండటమంటే పురుగు మేత చాలించి, ఒళ్లు బంగారం రంగుకు తిరిగి, గూడు కట్టడానికి చోటు వెతుక్కోవడం. ఇంకొక్క రోజు. ఆ ఒక్క రోజు మేత లేకపోతే పట్టు చాలక పలచటి గూళ్లు కడతాయి, లేదా కట్టకుండానే చస్తాయి. ఆరో రోజు మధ్యాహ్నానికి నా తోటలో కోయదగిన కొమ్మ లేదు. ఊళ్లో ఆకు మిగిలిన తోట ఒక్కటే కనిపిస్తోంది. ఓబులమ్మది. ఆమె పురుగులు పోయాయి గనక కోత ఆగిపోయింది. పంట మొదట్లో ఆమె కోసేసిన సాళ్లు మళ్లీ చిగిర్చి, ఈ రెండు రోజుల్లో లేత ఆకు విచ్చుకుని నిగనిగలాడుతున్నాయి.

సిగ్గు చంపుకుని వెళ్లాను. ఓబులమ్మ కొళాయి దగ్గర గిన్నెలు కడుగుతోంది. నేను అడిగేదాకా తల ఎత్తలేదు.

"ఓబులమ్మా, రెండు మేతలకు ఆకు కావాలే. నీకిప్పుడు పని ల్యాదు గదా. ఎంతంటే అంత దుడ్లు ఇస్తాడు మీ బావ."

చేతిలో గిన్నె కింద పెట్టింది. నా కళ్లలోకి చూసింది.

"తోటకు మందు కొట్టినాం అక్కా. పురుగులు పారేసిన పొద్దే. కోయొద్దు."

అంతే అంది. మళ్లీ గిన్నె అందుకుంది. నాకు ఒళ్లు భగ్గుమంది. నా మాట, నా వాకిట్లో నేను ఆమెతో అన్న మాట, అక్షరం మార్చకుండా నా మొహాన కొట్టింది. చచ్చిన పురుగులకు ఆకు దాస్తుందా? నేను చేసిందానికి కసి తీర్చుకుంటోంది, ఇంకేముంది. నేనైతే అదే చేసేదాన్ని. నేను చేసే పనే ప్రపంచమంతా చేస్తుందని నమ్మేదాన్ని గనక ఆమె మాటలో రెండో అర్థం ఏదీ నాకు తట్టలేదు. "అట్లనా" అని తిరిగి వచ్చాను.

ఆ సాయంత్రం మేత వెయ్యలేదు. ఏముందని వెయ్యను? పురుగులు అంచులకు రావడం మొదలుపెట్టాయి. ఒక్కొక్కటే సగం ఒళ్లు పైకి లేపి తల ఊపుతోంది. ఓబులమ్మ షెడ్డులో జరిగిందే నా షెడ్డులోకి వచ్చింది. షెడ్డులో దీపం తీసేసి వచ్చి పడుకున్నాను. అవి కనిపించకపోయినా తలలు ఊపుతున్నాయని తెలుస్తూనే ఉంది.

తెల్లవారుతుండగా కొడవలి, తాళ్లు తీసుకుని గట్టు దాటాను. మంచు బాగా కురిసింది. చేతులు తడుస్తున్నాయి. లేత ఆకు చేతికి మెత్తగా తగులుతోంది, ఒక్క ఆకుకు కూడా చిల్లు లేదు. ఎక్కడో సన్నగా మందు వాసన వచ్చినట్టుంది. గట్టు మీద ఖాళీ డబ్బా పడి ఉంది, దానిదే అనుకున్నాను. ఆ రోజుల్లో ఊరంతా ఏదో ఒక వాసనే. ఊళ్లో తోటలన్నీ ఈనెలు తేలి ఉంటే ఈ ఒక్క తోట ఇలా ఎందుకు ఉందని ఒక్కసారి నిలబడి ఆలోచించి ఉంటే సరిపోయేది. చుట్టుకుని ఉన్న పాత ఆకు ఒకటి విప్పి చూసినా సరిపోయేది. లోపల ఆకుచుట్టు చచ్చి ఎండి ఉండేది. నేను విప్పలేదు. నాకు కోయడం తప్ప ఇంకేం తెలియలేదు. ఆరు మోపులు కోసి, మూడు విడతల్లో మోసుకొచ్చాను.

షెడ్డు దగ్గర అత్త మేలుకుని కూర్చుని ఉంది.

"యాడిదే ఈ ఆకు?"

"యాడిదైతే ఏం?"

"ముందు పది పురుగులకు ఏసి సూడు. ఒక గంటసేపు నిలబడు. బయట ఆకు తెస్తే అట్లనే చేసేది మనం."

నిజమే. బయటి నుంచి ఆకు తెస్తే ముందు ఒక చాటలో పది పురుగులు వేసి, తినిపించి, గంటసేపు చూసి అప్పుడు అన్నిటికీ వేస్తాం. నేనే ఎంతమందికో చెప్పాను ఆ మాట. కానీ నిన్న సాయంత్రం నుంచి అవి తలలు ఊపుతున్నాయి. ఇంకో గంట నేను వాటిని చూడలేను. అత్త మాట వినడం నాకు ఎప్పుడూ అలవాటు లేదు. మంచు దులిపి అన్ని స్టాండ్ల మీదా కొమ్మలు పరిచేశాను.

పడ్డాయి ఆకు మీద. చినుకుల చప్పుడు మళ్లీ మొదలైంది. గోడకు ఆనుకుని కూర్చుని విన్నాను. ఓబులమ్మా, నీ మందు చూశానులే అనుకున్నాను. నవ్వు కూడా వచ్చింది. అబద్ధం ఎందుకు, అంత సంతోషం నాకు నా పెళ్లినాడు కూడా లేదు.

అరగంటకు చప్పుడు తగ్గింది. కడుపు నిండిందేమో అనుకున్నాను. లేచి చూస్తే పై స్టాండులో పురుగులు తలలు ఎత్తి ఉన్నాయి. ఆకు ముందే ఉంది, అయినా తలలు ఎత్తి గిరగిరా తిప్పుతున్నాయి. ఒకదాని నోట్లోంచి పచ్చటి రసం కారింది. పక్కదానికీ కారింది. నేను చూస్తుండగానే ఒళ్లు ముడుచుకుని వేలంత పురుగు సగమైంది. కింది స్టాండు చూశాను. అక్కడా అంతే. రెండు చేతులతో కొమ్మలు లాగి బయటికి విసిరాను. తిన్నది బయటికి ఎలా వస్తుంది? ఎనిమిది గంటలకు మొదలైంది, పదికల్లా షెడ్డులో కదిలేది లేదు. కొమ్మలకు అంటుకుని, స్టాండ్ల కింద రాలి, సున్నం గీత మీద, ఎక్కడ చూసినా అవే. కొన్నిటి ఒంటికి అప్పటికే బంగారం రంగు వచ్చింది. సాయంత్రానికి పండేవి.

అత్త గడప దగ్గరికి వచ్చి చూసింది. తిట్టి ఉంటే భరించేదాన్ని. ఆమె లోపలికి పోయి పొయ్యి వెలిగించి, రేషన్ బియ్యం గంజి కాచి, చెంబు నా ముందు పెట్టింది. ఉప్పు కూడా వేసింది.

పన్నెండు గంటలకు ఆటో చప్పుడైంది. గంగాధరప్ప దిగాడు, మొహం వెలిగిపోతోంది. ఆటో వెనక నిండా తడిగోనెలు కప్పిన ఆకు.

"తలుపుల అవతల ఒక రైతు దొరికినాడే. వాళ్ల ఊర్లో మల్బరీ ఏసింది ఆయప్ప ఒగడే. చుట్టూ జొన్న, కంది. ఆడికి ఆకుచుట్టు రానేల్యాదు. సూడు ఎట్లుండాదో ఆకు. తోటలో నిలబడి నాకే ఇంత కోసిచ్చినాడు."

మాట్లాడుతూనే షెడ్డు వైపు నడిచాడు. గడప దగ్గర ఆగాడు. తరువాత వెనక్కి వచ్చి ఆటోలోంచి మోపులు ఒక్కొక్కటే దించి నీడలో పెట్టాడు, గోనెలు తీసి మళ్లీ తడిపి కప్పాడు. ఇంకా పురుగులున్నట్టే. చెప్పాల్సిందంతా గట్టు మీద పడి ఉన్న తాళ్లు, కొడవలి చెప్పేశాయి. సాయంత్రానికి ఆ ఆకు మా ఆవు తినింది. వానలు పడినా జొన్నచొప్ప లేని ఊళ్లో దానికీ చాలా రోజులుగా కడుపు నిండలేదు.

ఆ పంటలో మా ఊరి నుంచి హిందూపురం మార్కెట్‌కు పోయిన గూళ్లు రెండు ఇళ్లవి. మిగతావాళ్లు గుంతలు తీసుకున్నారు. మా ఊరి గూళ్లు పోకపోతే ధర్మవరంలో మగ్గం ఆగిందా? ఆగలేదు. వాళ్లకు పట్టు ఎక్కడి నుంచైనా వస్తుంది. సంక్రాంతి లోపల పదిహేడు ఇళ్లకు తాళాలు పడ్డాయి. బెంగళూరు బస్సులో సీటు లేక నిలబడి పోయారు. మాదీ ఆ పదిహేడులో ఒకటి. ఇది నేను ఒక నాలుగో అంతస్తు వంటింటి వెనక బట్టలు ఆరేస్తూ తలుచుకుంటున్న సంగతి. గిన్నెలు సరిగ్గా తోముతున్నాను, ఇప్పటిదాకా మాట పడలేదు.

ఆ రోజు సాయంత్రం మాత్రం చెప్పాలి. పద్నాలుగు సంచులయ్యాయి. గంగాధరప్ప కొత్త గుంత తీస్తానని చెప్పి షెడ్డు గడప మీదే కూర్చుండిపోయాడు. నేను సంచులు గట్టు చివరికి మోసి, ఓబులమ్మ వాళ్ల గుంతలోనే పైమట్టి లాగి పోశాను. సగం నిండని గుంత గదా, చోటుంది. చివరి సంచి దులుపుతుంటే వెనక అడుగుల చప్పుడు. ఓబులమ్మ. ఆమె తోటలో ఆరు మోపుల ఖాళీ ఆమెకు కనిపించకుండా ఎలా ఉంటుంది?

గుంతలోకి వంగి చూసింది. తరువాత నన్ను చూసింది.

"మందు కొట్టినామని చెప్పినా గదక్కా."

"చెప్తివి."

"ఆ పొద్దు నీ కాడ్నుంచి పోతా పోతా కట్ట పక్క నిలబడితిని. నీ ఆరు సాళ్లల్లో ఆకు విప్పి సూస్తిని. సూడగూడదు గానీ సూస్తిని. ఆకుచుట్టు లోపల బతికే ఉండె, తింటాండె. నువ్వు మందు కొట్టలేదని నాకు ఆ పొద్దే తెలుసు."

గుంత అంచు పట్టుకుని కూర్చున్నాను. తెలిసి కూడా నా వాకిట్లోకి తిరిగొచ్చి అడగలేదు. పదకొండు ఇళ్లు తిరిగింది.

"మరి నువ్వెందుకు నిజం చెప్తివే? నేను కోయకూడదనే గదా?"

ఓబులమ్మ మొహంలో కోపం లేదు. అది ఉంటే బాగుండేది.

"నిజం చెప్తే నువ్వు నమ్మవని."

ఆ మాట అని, పక్కన పడి ఉన్న పార తీసుకుంది. మట్టి లాగడం మొదలుపెట్టింది. కింద ఆమె పురుగులు, పైన నావి. కొంచెంసేపటికి నేనూ లేచి చేతులతో మట్టి తోశాను. గుంత పూడిపోయాక ఇద్దరం ఒకే గట్టు మీద, ఒకరి వెనక ఒకరం ఇంటికి నడిచాం.